వట్టిభుజం

లోతుపేటలో తెల్లవారడమంటే దీపాల రంగు మారడమే. బంగాళాఖాతం అడుగున ఉక్కు గుమ్మటాలతో కట్టిన ఆ ఊరికి సూర్యుడు దారి తప్పి కూడా ఎప్పుడూ రాలేదు. నీలిదీపాలు ఆరి పసుపుదీపాలు వెలగగానే జనం లేచి, ముఖాలు కడుక్కుని, కాఫీ కంటే ముందు గోడపెట్టె దగ్గర వరస కట్టేవారు. పెట్టె మీద బొటనవేలు నొక్కితే గోరంత బిళ్ళ ఒకటి రాలుతుంది. భుజానికి అంటించుకుంటే కొన్ని గంటల్లో చర్మంలోకి కరిగిపోతుంది. ఆ బిళ్ళ పేరు నిమ్మళం.

పేరుకు తగ్గ మందే. నెత్తిన కొండంత నీళ్ళు, చుట్టూ చీకటి, పారిపోదామంటే దారి లేదు. సముద్రం అడుగున బంగాళాదుంపల్లా పడివున్న లోహపు గడ్డల్ని ఏరడానికి మొదట దిగినవాళ్ళలో సగం మంది గోడలు గోకారు. ఒకడైతే ఏకంగా గుమ్మటం తలుపే తీయబోయాడు. ఒక్కడి భయం ఊరంతటినీ ముంచేస్తుందని కంపెనీ గ్రహించి నిమ్మళాన్ని తప్పనిసరి చేసింది. వేసుకోనన్నవాళ్ళని మూటాముల్లెతో పైకి పంపేస్తారు. పైన పనుల్లేని రోజులు గనక ఎవరూ పేచీ పెట్టలేదు.

అయితే అందరికీ వర్తించే నియమం ఉన్న ప్రతి ఊళ్ళోనూ అది వర్తించనివాళ్ళు నలుగురుంటారు. ఊరి గౌరవమంతా వాళ్ళకే. లోతుపేటలో భయపరీక్ష అని ఒకటుండేది. చీకటి గొట్టంలో కూర్చోబెట్టి, గోడల అవతల నీళ్ళ చప్పుడు వినిపిస్తూ గుండెదడ కొలుస్తారు. నెగ్గినవాళ్ళకి బిళ్ళ అక్కర్లేదు. అన్నిటికంటే లోతైన గనిలో, అన్నిటికంటే పెద్ద పని వాళ్ళదే. వాళ్ళని వట్టిభుజాలు అనేవారు. ఊరంతా పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుంటే వీళ్ళు మాత్రం చలికి పళ్ళు టకటకలాడుతున్నా చేతుల్లేని బనీన్లలోనే తిరిగేవారు. అందరిలోకీ పెద్ద మొనగాడు నూకరాజు. పిల్లలు మారాం చేస్తే తల్లులు అతని భుజం చూపించి ఊరుకోబెట్టేవారు.

ఆ నూకరాజు ఇప్పుడు ఒత్తిడి గొట్టంలో పడుకుని గొడ్డు అరిచినట్టు అరుస్తున్నాడు.

అద్దానికి ఇవతల డాక్టర్ ఇందీవర చేతులు కట్టుకుని నిలబడింది.  లోతు గనిలో బరువులు లాగే ఉక్కు తీగ తెగి నూకరాజు తొడ మీద కొట్టింది. ఎముక రెండు ముక్కలైంది. ముక్క అంచు పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. తోటివాళ్ళు అతన్ని గొట్టంలోకి తోసి తలుపు వేశారు. గనిలో గాలి ఒత్తిడి ఊళ్ళో కంటే చాలా ఎక్కువ. దాన్ని రోజుల తరబడి నెమ్మదిగా తగ్గించాలి. ఒక్కసారిగా తలుపు తీస్తే నెత్తురు సోడా పొంగినట్టు పొంగుతుంది. గొట్టం ఒక్క మనిషి పట్టేంతే. ఇంకెవరూ లోపలికి వెళ్ళే వీలు లేదు.

లోపల ఉన్నది తూనిక ఒక్కటే. అది ఇందీవర కట్టిన యంత్రం. సన్నటి చేతులు రెండు, మాట్లాడే నోరు ఒకటి, రోగి తలకి తలపాగాలా చుట్టుకుని మెదడును చదివే పట్టీ ఒకటి. సూది వేయగలదు, ఎముక లాగి కట్టు కట్టగలదు. గొంతులోకి గొట్టం దింపి ఊపిరి పోయడం మాత్రం దానికి చేతకాదు. అందుకే ఊపిరి ఆగకుండా నొప్పి ఆపడమే దాని విద్య.

ఆ విద్య కోసమే ఇందీవర లోతుపేటకి దిగింది. పెద్ద నొప్పికి నల్లమందు వంశంలో పుట్టిన మందులే ఇప్పటికీ దిక్కు. వాటినే ఓపియాయిడ్లు అంటారు. మెదడులో వాటిని అందుకునే గ్రాహకాలు వేరే ఉంటాయి. నిమ్మళం ఆ వంశానికి చుట్టం కాదు, దాని గ్రాహకాలూ వేరు. కానీ తలుపులు వేరైనా ఇల్లు ఒకటే కదా! ఒక తలుపు ఏళ్ళ తరబడి తెరిచే ఉంచితే ఇంట్లో గాలంతా మారిపోతుంది. నిత్యం నిమ్మళం వాడిన మెదడులో నొప్పిని ఆపే ఓపియాయిడ్ గ్రాహకాలు మొద్దుబారిపోతున్నాయనీ, ఊపిరి నడిపే చోట ఉన్నవి మాత్రం మొద్దుబారడం లేదనీ ఇందీవర కనిపెట్టింది. పైగా ఆ చోటుని నిమ్మళం ముందే జోకొట్టి ఉంచుతుంది. నొప్పి ఆగాలంటే మందు ఎక్కువ కావాలి, ఊపిరి ఆగడానికి కొంచెం చాలు. ఈ రెండు మోతాదులకీ మధ్య ఉన్న దూరానికి ఆమె సందు అని పేరు పెట్టింది. నిమ్మళం తగలని మెదడులో సందు ఎడ్లబండి పట్టేంత వెడల్పు. వాడిన మెదడులో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు.

ఇరుకు సందుకి తూనిక దగ్గర రెండో దారి ఉంది. నల్లమందు బాగా తగ్గించి, దానికి మరో మందు జోడిస్తుంది. ఆ జోడీ నిమ్మళం అలవాటైన మెదడుకి అమృతం. అలవాటు లేని మెదడుకి ఎక్కిస్తే మూర్ఛలొస్తాయి. అందుచేత ఎదుట ఉన్నది ఏ మెదడో ముందు తేలాలి.

"డాక్టర్ ఇందీవర గారూ," అంది తూనిక, వార్తలు చదివేవాళ్ళ గొంతుతో. "నూకరాజు గారు వట్టిభుజం. కనుక మొదటి దారిలో, ఒక్క నల్లమందుతోనే, చిన్న మోతాదు ఇచ్చాను. నొప్పి తగ్గలేదు. ఊపిరి తగ్గింది."

ఇందీవర అద్దానికి దగ్గరగా జరిగింది. "మళ్ళీ చెప్పు."

"నొప్పి తగ్గలేదు. ఊపిరి తగ్గింది. తలపాగా ప్రకారం ఈ మెదడులో సందు చాలా ఇరుకుగా ఉంది. ఏళ్ళ తరబడి నిమ్మళం వాడిన మెదడు ఇది."

"నూకరాజా? నిమ్మళమా?"

"మెదడు అలా చెబుతోంది. నూకరాజు గారు వాడలేదని చెబుతున్నారు. రెండు మాటలు కలవలేదు. మందు ఇవ్వలేను."

ఇందీవరకి తన చెంప మీద తానే కొట్టుకోవాలనిపించింది. ఈ నియమం ఆమె పెట్టిందే. పెద్ద మోతాదు ఇవ్వాలంటే మెదడు చెప్పేదీ, మనిషి తన నోటితో చెప్పేదీ ఒకటి కావాలి. పై ఆఫీసులో కూర్చున్నవాడు 'వాడి మొహం, వాడి మాట వినేదేమిటి, ఎక్కించెయ్' అని మీట నొక్కే వీలు ఉండకూడదని కంపెనీతో ఏడాది పొడుగునా పోట్లాడింది. ఆమె అమ్మమ్మ నడుంనొప్పితో ఏళ్ళు మూలిగితే డాక్టర్లందరూ ఎక్స్‌రే ఫోటోల్లో ఏమీ లేదని పంపేశారు. మనిషి మాటని ఏ యంత్రమూ తోసెయ్యకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. అందుకే తూనికకి మారుతాళం లేకుండా కట్టింది. మనిషే అబద్ధం ఆడితే ఏమిటన్నది ఆలోచించలేదు. నొప్పితో చచ్చిపోతున్నవాడు అబద్ధమెందుకు ఆడతాడు అనుకుంది.

పై ఆఫీసు నుంచి వైద్యాధికారి గజపతి గొంతు వినిపించింది. "చుక్కచుక్కగా ఇస్తూ చూడమ్మా."

"చుక్కకే ఊపిరి సగమైంది సార్. ఇంకో రెండు చుక్కలకి ఆగిపోతుంది. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది."

"విరుగుడు ఉంది కదా?"

"విరుగుడు వేస్తే నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కాలు ఒక్క తన్ను తన్నాడంటే రక్తనాళం తెగుతుంది. అక్కడ కుట్టేవాళ్ళెవరూ లేరు."

"అయితే వాడి చేత నిజం చెప్పించు," అన్నాడు గజపతి, అదేదో కాఫీ తెప్పించినంత తేలిక అన్నట్టు.

ఇందీవర మైకు దగ్గరికి వంగింది. "నూకరాజూ, నేను డాక్టర్ని. దాచకుండా చెప్పు. నువ్వు ఎప్పుడైనా నిమ్మళం వేసుకున్నావా?"

లోపల తల ఇటు తిరిగింది. చెమటతో ముఖం నల్లబడిపోయింది. అంత నొప్పిలోనూ అతని కళ్ళలో రోషం కనబడింది. "నానేటి, నిమ్మళమేటి డాక్టరమ్మా! నా భుజం సూడండి. ఊరందర్నీ అడగండి. ఎంత మాటన్నారు!"

ఆ మాట ఊరంతా విన్నది. అదే చిక్కు. లోతుపేట జనంలో ఎక్కువమంది భీమిలి, పూడిమడక వైపు చేపలవాళ్ళ సంతతి. పూర్వం పొగమంచులో పడవ దారి తప్పితే ఒడ్డున ఉన్నవాళ్ళంతా చేరి పడవలోవాళ్ళ పేర్లు పెట్టి కేకలు వేసేవారట. ఆ గొంతులు పట్టుకుని పడవ ఒడ్డుకి చేరేది. ఆ అలవాటు లోతుపేటకీ వచ్చింది. ఎవరైనా గొట్టంలో ఉంటే పిలుపు లైను తెరిచి ఉంచుతారు. భోజనశాలలో అందరూ కూడి వాడి పేరు పిలుస్తూనే ఉంటారు. ఇప్పుడూ అలాగే "నూకరాజూ! ఓ నూకరాజూ! ఉన్నాం రా!" అని గొంతులు వస్తున్నాయి. అక్కడ మాట్లాడేది ఇక్కడ, ఇక్కడ మాట్లాడేది అక్కడ వినబడుతుంది.

ఊరందరి ముందు ఒప్పుకోలేడేమోనని ఇందీవర పిలుపు లైను మీట కట్టేసింది.

గొట్టంలో నూకరాజు కళ్ళు పెద్దవయ్యాయి. "ఏటిది? ఆపీసినారేటి? ఎవులూ నేరేటి? ఓలమ్మా, ఎవులూ నేరేటి?" అంటూ లేవబోయాడు. కాలు కదిలింది. కట్టు గుడ్డ మీద ఎర్రటి మరక పాకింది. తూనిక చేతులు అతన్ని అదిమిపట్టాయి. ఇందీవర గబుక్కున మీట తెరిచింది. కేకలు మళ్ళీ రాగానే అతను వెనక్కి వాలాడు.

ఇందీవర ఆ ముఖం చూసి ఆశ్చర్యపోయింది. గోడలు గోకిన మొదటివాళ్ళ వీడియోల్లో చూసిన ముఖమది. భయం లేని మనిషి ముఖం కాదు.

"రక్తస్రావం మొదలైంది," అంది తూనిక. "నాళం ఇంకా తెగలేదు. ఇలాంటి కదలిక మరొకటి వస్తే తెగుతుంది."

అప్పుడే తలుపు తోసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. పొట్టి మనిషి, జుట్టు ముడి ఊడిపోయి ఉంది, వంటశాల పిండి ఇంకా చేతులకి అంటుకునే ఉంది. నూకరాజు భార్య అప్పలకొండ. అద్దం దగ్గరికి పరుగెత్తి అరచేతులు ఆనించింది.

"మావా!" అంది. లోపలివాడికి వినిపించలేదు.

ఇందీవర తన వైపు మైకు మూసి, ఆమె భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అప్పలకొండా, ఒక్క మాట అడుగుతాను. నూకరాజు నిమ్మళం వేసుకుంటాడా?"

అప్పలకొండ నేల చూపులు చూసింది. "ఆయనకెందుకమ్మా? ఆయన వట్టిభుజం."

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నేనడిగేది వేరు. నువ్వు నిజం చెప్పకపోతే మందు ఇవ్వడానికి లేదు. మందు ఇవ్వకపోతే మనిషి దక్కడు."

ఆమె పిండి చేతులతో నోరు మూసుకుంది.  తరవాత ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయనకి తెల్దమ్మా. తెలిస్తే పానం తీసుకుంటాడు. ఇక్కడికొచ్చిన కొత్తల్లో నిద్దట్లో లేసి కేకలేసీవోడు. గోడలు గుద్దీవోడు. భయపరీచ్చకి పేరిచ్చీసినాడు, తప్పితే నవ్వుతారని సచ్చిపోతన్నాడు. ముందురోజు పడుకున్నాక నా బిళ్ళ తీసి ఆయన ఈపుకి అంటించీసినాను. తెల్లారేతలికి కరిగిపోయింది. పరీచ్చ నెగ్గీసినాడు."

"ఆ ఒక్కరోజేనా?"

"ఒక్కరోజుతో ఆగుతాదేటమ్మా? నెగ్గినాక ఇంకా లోతుకి పంపినారు. రోజూ ఈపు నిమురుతన్నట్టు నిమిరి అంటించీదాన్ని. ఆరేళ్ళయిపోయింది."

నెగ్గిన మనిషిని ఎవరూ మళ్ళీ పరీక్షించలేదు. చేతుల్లేని బనీను వేసుకున్నవాడి వీపు ఎవరు చూస్తారు? ఇందీవరకి జాలీ కోపమూ కలిసి వచ్చాయి. వాటికి తరవాత తీరిక చూసుకోవచ్చు.

"ఇది అతనే తన నోటితో చెప్పాలి. నువ్వు చెబితే సరిపోదు. నేను చెప్పినా సరిపోదు. ముందు అతనికి తెలియాలి."

"ఊరంతా ఇంటన్నారు గదమ్మా! తలెత్తుకోనేడు."

"లైను కట్టేస్తే ఏమవుతుందో చూశాను."

అప్పలకొండ కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది. తరవాత మైకు ముందుకి వచ్చి నిలబడింది. ఇందీవర మైకు తెరిచింది.

"మావా, నానే."

"ఒలే, వచ్చినావా?" నూకరాజు గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లాడి గొంతయిపోయింది. "నొప్పే. సెప్పనేను."

"మావా, నాను తప్పు సేసినాను. నువ్వు నిద్దరోయినాక రోజూ నీ ఈపుకి నిమ్మళం అంటించీదాన్ని. ఇందులో నీ తప్పేటీ నేదు. నీకు తెల్దు. నీ మెదడులో అదుందంట. ఉందని నువ్వు సెప్తేగాని ఆ మిషను మందియ్యదంట. సెప్పు మావా."

భోజనశాలలో పిలుపులు ఆగిపోయాయి.  ఈ నిశ్శబ్దానికి అతను మళ్ళీ లేవబోతాడని, మాట్లాడించడానికి ఇందీవర మైకు వైపు వంగింది. గానీ నూకరాజు కదల్లేదు. కళ్ళు మూసుకున్నాడు.

"నాకు తెలుసే," అన్నాడు.

అప్పలకొండ వినబడనట్టు ముందుకి వంగింది. "ఏటి?"

"నీ సెయ్యి నాకు తెల్దేటే? మొదటిరోజే మెలకువొచ్చీసింది. నిద్దరోయినట్టు పడుకుండిపోయినాను. రోజూ అలగే." నొప్పికి మాట తెగింది. మళ్ళీ అందుకున్నాడు. "పెట్టిలో నీ పేరున ఒకటే గదా రాలీది. అదీ తెలుసు."

"నూకరాజు గారూ," అంది తూనిక. దానికి సంసారాల సంగతి పట్టదు. "మీరు ఏళ్ళ తరబడి నిమ్మళం వాడారా? అవును, కాదు. రెండింటిలో ఒకటి చెప్పండి."

బనీను మీంచి కనిపిస్తున్న ఆ నున్నటి భుజం ఎగిరెగిరి పడుతోంది. అతను తల పక్కకి తిప్పి, భుజాన్ని ఒక్కసారి చూసుకున్నాడు.

"అవును," అన్నాడు. "వాడినాను. అందరూ ఇనండి. వాడినాను."

"రెండు మాటలూ కలిశాయి. రెండో దారిలో మందు ఇస్తున్నాను."

సూది దిగింది. ఇందీవర తెర మీది ఊపిరి గీతకి చూపు అతికించింది. గీత లేస్తోంది, పడుతోంది. లేచేటప్పుడు ఎత్తు తగ్గింది. ఇంకా తగ్గింది. ఒకసారి లేవడానికి బాగా తటపటాయించింది. ఇందీవర తన భుజం మీది బిళ్ళని గోటితో గీరుకుంటున్నానని కూడా గమనించలేదు. ఏ భయాల కోసం ఆ బిళ్ళ ఉందో, వాటిలో ఈ భయం లేదు. తూనిక చెప్పిన సందు ఎంత ఇరుకో ఆమెకి తెలుసు. వెంట్రుకవాసి ఇటైతే అరుపు ఆగదు, అటైతే ఊపిరి ఆగుతుంది.

గీత లేచింది. తరవాతది ఇంకొంచెం సులువుగా లేచింది.

"నొప్పి తగ్గింది. ఊపిరి నిలకడగా ఉంది," అంది తూనిక. దాని చేతులు తొడని పట్టి, ఒక్క లాగు లాగి, ఎముకని చోటికి చేర్చి, కట్టు బిగించాయి. నూకరాజు నిద్రలో 'ఊఁ' అన్నాడు, అంతే. భోజనశాలలో ఎవరో పెద్దగా ఏడ్చారు. ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎందుకు కొడుతున్నామో తెలియక ఆగిపోయారు.

ఇందీవర కుర్చీలో కూలబడింది. దేవుణ్ణి నమ్మని మనిషి, అయినా చేతులు జోడించుకుంది. కాసేపటికి గానీ అప్పలకొండ ఇంకా అద్దం దగ్గరే నిలబడి ఉందని గుర్తుకురాలేదు. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది.

"గండం గడిచింది అప్పలకొండా. బతికాడు. నువ్వు కూర్చో."

"తెలుసంట," అంది అప్పలకొండ.

"ఏమిటి?"

"ఆడికి తెలుసంట డాక్టరమ్మా." ఇందాకటిదాకా 'ఆయన' అన్న మనిషి 'ఆడు' అయిపోయాడు. "ఆరేళ్ళు. దీపాలు నీలంగా మారితే నా గుండి కొట్టుకునీది. గోడలు మీదకొచ్చీసినట్టుండీది. కొంగు నోట్లో కుక్కుకుని కూకునీదాన్ని, అరిస్తే పైకి పంపీస్తారని. వంటశాలలో ఎక్కువ పని అడిగి సేసీదాన్ని, అక్కడ ఎలుగుంటాదని. పోన్లే, ఆడైనా నిమ్మళంగా పడుకున్నాడు గదా అనుకునీదాన్ని. ఆడు మెలకువగా ఉండి ఇదంతా సూసినాడంట. పొద్దున్న లేసి బనీనేసుకుని ఊరంతా తిరిగీవోడు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇందీవరకి సులువుగా ఉండేది. డాక్టర్లు ఏమీ తోచనప్పుడు చేసే పనే ఇందీవర చేసింది. "నీకో చిన్న సూది వేయిస్తాను. ఆ వణుకు తగ్గుతుంది."

వైద్యశాలలో ఏ మందుకైనా తూనిక సరే అనాలి. ఇవతలి కుర్చీలో అప్పలకొండని కూర్చోబెట్టి, అక్కడుండే రెండో తలపాగా చుట్టింది. తూనిక గోడలోంచి మాట్లాడింది.

"ఈ మెదడులో సందు పూర్తి వెడల్పుగా ఉంది. నిమ్మళం ఆనవాలు లేదు. అప్పలకొండ గారూ, మీరు రోజూ నిమ్మళం వేసుకుంటున్నారా?"

పిలుపు లైను ఇంకా తెరిచే ఉంది.  వేసుకోవడం లేదని ఆమె నోటితోనే ఊరు వింటే, పై ఆఫీసు వింటే, పైకి పంపేస్తారు. ఇందీవర మీట కట్టెయ్యడానికి లేచింది. అప్పలకొండ ఆమె మణికట్టు పట్టుకుంది. పిండి ఎండిపోయి గరుకుగా ఉన్న చెయ్యి, పట్టు మాత్రం గట్టిది.

"ఉండనీండి," అంది. "ఇననీండి."

తరవాత గొంతు పెంచింది. భోజనశాలలో వడ్డన పిలుపు ఎలా వేస్తుందో అలా. "ఏసుకోను. ఆరేళ్ళయింది ఏసుకుని."

"రెండు మాటలూ కలిశాయి," అంది తూనిక. ఎప్పుడూ అనే మాటే. అయినా ఇందీవరకి అది ఈసారి వేరేగా వినబడింది. "నియమం ప్రకారం నిమ్మళం లేకుండా ఉన్నవారిని పైకి పంపవలసిందిగా రాయాలి. రాయనా?"

"వద్దు. భయపరీక్ష నెగ్గిందని రాయి."

"ఈమె పరీక్షకి కూర్చోలేదు."

"ఆరేళ్ళుగా కూర్చునే ఉంది. రాయి. కింద నా పేరు పెట్టు."

పై ఆఫీసు లైనులో గజపతి దగ్గాడు. ఆ వెంటనే లైను పెట్టేశాడు.

సూది అక్కర్లేదంది అప్పలకొండ. వణుకు దానంతటదే తగ్గింది. నూకరాజుకి మెలకువ వచ్చాక మొదట అడిగింది ఆమెనే. "ఒలే, ఉన్నావా? భయమేస్తందే," అన్నాడు. ఊరంతా వింటుండగా అతను ఆ మాట అనడం అదే మొదటిసారి.  అప్పలకొండ తన గ్లాసులో ఉన్న కాఫీ నింపాదిగా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు స్టూలు ఒకటి లాక్కుని, అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. "ఉన్నాను, పడుకో," అంది. ముఖం మాత్రం తిప్పలేదు.

మర్నాడు పసుపుదీపాలు వెలిగాక ఇందీవర కాఫీకి వెళ్ళింది. భోజనశాలలో ఏదో వింతగా తోచింది గానీ అదేమిటో వెంటనే పట్టుకోలేకపోయింది. కూర్చుని రెండు గుక్కలు తాగాక అర్థమైంది. వట్టిభుజాలు వాళ్ళ బల్ల దగ్గరే ఉన్నారు. గొంతులెత్తి మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఒక్కడి ఒంటి మీదా చేతుల్లేని బనీను లేదు. అందరూ మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నారు. చలి ఎక్కువగా ఉందని ఎవరూ అడక్కుండానే చెబుతున్నారు.

పనిలోకి దిగేముందు వీళ్ళందరి సందూ చూడాలి, లేకపోతే రేపు ఇంకొకడు గొట్టంలో ఇలాగే చస్తాడు అనుకుంది ఇందీవర. ఒక్కొక్కణ్ణీ మెడపట్టుకుని తేవాలి కాబోలు అనుకుంటూ వైద్యశాల వైపు నడిచింది.

మలుపు తిరిగేసరికి ఆగిపోయింది. వైద్యశాల గుమ్మం ముందు అప్పుడే పెద్ద వరస ఉంది. అందరూ ఆడవాళ్ళే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. అందరికంటే ముందు నిలబడ్డది వట్టిభుజాల పెద్దమేస్త్రి పెళ్ళాం. ఆమె వెనక ఆ మేస్త్రి తమ్ముడి పెళ్ళాం. ఆ వెనక ఇంకో వట్టిభుజం పెళ్ళాం. రోజూ గోడపెట్టె దగ్గర తు.చ. తప్పకుండా బొటనవేలు నొక్కి బిళ్ళ తీసుకునేవాళ్ళే అందరూ. ఒక్కొక్కరూ జాకెట్టు చెయ్యి భుజం దాకా మడుచుకుని నిలబడ్డారు. ఒక్క భుజం మీదా బిళ్ళ లేదు.

ఇందీవర తలుపు తీసి, కుర్చీ తుడిచి, తలపాగా చేతిలోకి తీసుకుంది. మొదటి ఆమె వచ్చి కూర్చుంది. తూనిక ప్రశ్న అడగడానికి ముందే ఆమె జవాబు చెప్పేసింది.